బాక్స్ మీద 7,000 చూసి ఎస్‌ఎస్‌డీ కొనకండి

మా పిన్ని కొడుకు బీటెక్ రెండో సంవత్సరం. పోయిన నెల ఫోన్ చేసి, "అన్నా, జెన్ 4 ఎస్‌ఎస్‌డీ కొన్నా. 7,000 ఎంబీ స్పీడ్ అని రాశారు, బెంచ్‌మార్క్‌లో 3,400 దాటట్లేదు. డూప్లికేట్ అంటగట్టారా?" అని అడిగాడు. డూప్లికేట్ కాదు. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది జెన్ 3 స్లాట్. అందులో ఎంత ఖరీదైన డ్రైవ్ పెట్టినా సెకనుకు 3,500 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బులు పాపం. అదే డబ్బుకి 500 జీబీ బదులు 1 టీబీ వచ్చేది.

వాడిని తిట్టాలనిపించలేదు. రివ్యూల్లో మేం కూడా మొదట చూపించేది ఆ నంబరే కదా.

అసలు ఆ 7,000 సీక్వెన్షియల్ రీడ్. అంటే ఒకే పెద్ద ఫైల్‌ని వరసగా చదివితే వచ్చే వేగం. విండోస్ బూట్ అవ్వడం, క్రోమ్ ఓపెన్ అవ్వడం, ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్... ఇవన్నీ అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదివే పనులు. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో చివరి వరస చూడండి, ర్యాండమ్ 4కే అని ఉంటుంది. మంచి జెన్ 3 డ్రైవ్ అక్కడ 50-60 ఎంబీ ఇస్తే, టాప్ జెన్ 4 డ్రైవ్ 80-90 ఇస్తుంది. అంతే! హార్డ్ డిస్క్‌కి అదే వరసలో 1 ఎంబీ రావడమే కష్టం. అందుకే పాత ల్యాప్‌టాప్‌కి 550 ఎంబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసినా ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అక్కడి నుంచి పైకి వెళ్లే ప్రతి మెట్టూ స్టాప్‌వాచ్ పట్టుకుంటే గానీ తెలియదు.

నన్ను నిజంగా మండించేది ఇంకొకటి. బాక్స్ మీద రైట్ స్పీడ్ రాస్తారు, అది ఎంతసేపు ఉంటుందో రాయరు. చవక డ్రైవ్‌లలో చాలావాటికి క్యూఎల్‌సీ నాండ్ వాడతారు. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కడం వల్ల రాయడం నెమ్మది. దాన్ని కప్పిపుచ్చడానికి కొంత భాగాన్ని ఎస్‌ఎల్‌సీ కాష్‌గా వాడతారు. కాష్ నిండేదాకా రాకెట్, నిండాక ఎడ్లబండి. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ డేటాషీట్‌లోనే ఉంది: 42 జీబీ కాష్ దాటితే సెకనుకు 80 ఎంబీ. హార్డ్ డిస్క్ నయం! శాంసంగ్ కనీసం రాసింది, చాలామంది అదీ రాయరు. 2021లో క్రూషియల్ పీ2 అయితే టీఎల్‌సీతో వచ్చి, అదే పేరుతో క్యూఎల్‌సీకి మారిపోయింది. మొదట్లో వచ్చిన రివ్యూలు చదివి కొన్నవాళ్ల సంగతి ఏంటి?

నాండ్ ఏదో రాయకపోతే టీబీడబ్ల్యూ చూడండి, చాలావరకు తెలిసిపోతుంది. 1 టీబీ శాంసంగ్ 990 ప్రోకి 600. డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్580కి కూడా 600. క్రూషియల్ పీ3కి 220. డ్రైవ్ త్వరగా చచ్చిపోతుందని కాదు, రోజుకి 40 జీబీ రాసినా 220 టీబీ నిండడానికి పదిహేనేళ్లు పడుతుంది. లోపల ఉన్నది టీఎల్‌సీనా క్యూఎల్‌సీనా అన్నదానికి ఇదొక ఆనవాలు, అంతే.

డీర్యామ్ లేదని కూడా భయపడక్కర్లేదు. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు హెచ్‌ఎంబీ ద్వారా మన ర్యామ్‌లో కొంచెం వాడుకుంటాయి. ఎస్‌ఎన్580కి డీర్యామ్ లేదు, అయినా మామూలు వాడకానికి బంగారం లాంటి డ్రైవ్.

నా మాట ఏంటంటే, విద్యార్థులకి, కోడింగ్ చేసేవాళ్లకి 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్ చాలు, జెన్ 3 అయినా పర్లేదు. పీఎస్5 ఉంటే లెక్క వేరు, సోనీయే 5,500 ఎంబీ ఉండాలంటోంది. రోజూ 4కే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు కూడా పైకి వెళ్లొచ్చు. జెన్ 5 మాత్రం... ఆ డబ్బుతో ర్యామ్ కొనుక్కోండి.

మా వాడి రిటర్న్ గడువు అప్పటికే అయిపోయింది. "తర్వాతి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుందువులే, అది టీఎల్‌సీనే" అన్నాను. "టీఎల్‌సీ అంటే ఏంటన్నా?" అన్నాడు.