కప్పు గెలిచినా నిలువని జట్టు



ఈ నెల ఒక ఫుట్‌బాల్ జట్టు చరిత్రను మీతో పంచుకొన గోరుచున్నాము. ఆటల సంగతి సంఘానికెందుకని అనుకోవద్దు.

విక్టోరియా రాణి కాలంలో, 1859లో, లండను దగ్గర ఎప్పింగ్ అడవి అంచున కొందరు యువకులు ఫుట్‌బాల్ ఆడనారంభించారు. 1864లో తమ జట్టుకు వాండరర్స్, అనగా సంచారులు, అని పేరు పెట్టుకున్నారు. పేరుకు తగ్గట్టే వారికి సొంత మైదానం లేదు. జీతానికి కాదు, ఆట మీది ప్రేమతో ఆడేవారు.

1872 మార్చి 16న జరిగిన మొట్టమొదటి ఎఫ్.ఏ. కప్పు ఫైనలులో గెలిచింది వీరే. మరుసటి యేడూ గెలిచారు. 1876, 1877, 1878లలో వరుసగా మరి మూడుసార్లు గెలిచారు. అలా గెలిచిన వారికి కప్పు శాశ్వతంగా సొంతమని నియమం. అయినా వారు దానిని తిరిగి ఇచ్చివేసి, ఇకమీదట ఎవరూ దానిని సొంతం చేసుకోకూడదని కోరారు. ఎంత మంచి మనసు!

అయితే పదేండ్లు తిరిగేసరికి ఆ జట్టే లేదు. ఆటగాళ్లు ఒక్కొక్కరుగా తాము చదివిన బడుల పూర్వ విద్యార్థుల జట్లకు వెళ్లిపోయారు. భక్తిపరుడు, వై.ఎం.సి.ఎ. సేవకు తోడ్పడిన ఆర్థర్ కిన్నెయిర్డ్ సైతం 1879లో ఈటన్ పాఠశాల పూర్వ విద్యార్థుల పక్షాన కప్పు గెలిచాడు. చివరకు పోటీకి పదకొండుమంది దొరకక వాండరర్స్ తప్పుకోవలసి వచ్చింది. వెళ్లినవారి స్థానంలో నిలబడేందుకు చిన్నవారెవరూ సిద్ధంగా లేరు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మన సంఘాల మాటేమిటి? క్రిస్మస్‌కు యౌవనస్థులు కూడుకుంటారు, నక్షత్రాలు కడతారు, ఇంటింటా పాడతారు. తబలా వాయించే అబ్బాయి బెంగుళూరుకు పనికి వెళ్లగానే ఆ తబలా మూలకు చేరుతుంది. వెళ్లినవారిని తప్పుపట్టము, బ్రతుకుతెరువు కోసం వెళ్లక తప్పదు. వారి వెనుక మరొకరిని సిద్ధపరచని కాపరులమైన మాదే ఆ తప్పు. ఒప్పుకొనుచున్నాము.

ధర్మవరం మగ్గాల ఇండ్లు చూడండి. తండ్రి నేస్తుంటే బిడ్డ పక్కన కూర్చుని కండెలు చుడుతూ పని నేర్చుకుంటాడు. నేత అలాగే తరాలు దాటింది. పౌలు తిమోతికి చెప్పినదీ ఈ విధానమే (2 తిమోతి 2:2).

కాబట్టి ఈ ఆదివారమే తబలా వాయించే అన్న ఒక తమ్ముని పక్కన కూర్చోబెట్టుకోవాలి. వాక్యం చదివే అక్క ఒక చెల్లెలికి చదువ నేర్పాలి. తప్పులు చేస్తారు, చేయనివ్వండి. కప్పులు బీరువాలో ఉంటాయి. సంఘము మనుష్యులలో నిలుస్తుంది.

ప్రభువు మన పిల్లలను తన పనికి సిద్ధపరచును గాక! ఆమేన్.