విమానములోని గాజుపలక



వంటయింట పని చేసికొనుచు మనము గోడగడియారమువైపు ఒకమారు కన్నెత్తి చూతుము. అంకెలను చదువము. ముల్లు నిలిచిన చోటునుబట్టియే పిల్లలు బడినుండి వచ్చుటకు ఇంకెంత వ్యవధి యున్నదో తెలిసికొందుము. అంకెలు మాత్రమే కనబడు గడియారమైనచో వానిని చదివి, మనసులో తీసివేత చేసికొనవలయును. ఈ స్వల్పభేదమే చిన్న విమానములను నడుపువారికి ప్రాణసమానమైన విషయము.

1936వ సంవత్సరమున సరళా ఠక్రాల్ చీర ధరించి జిప్సీ మాత్ విమానమును నడిపినప్పుడు ఆమె యెదుట నుండినవి ముల్లులు తిరుగు కొలది పరికరములే. ముల్లులకును దోషము లేకపోలేదు. ఎత్తును తెలుపు పరికరమున మూడు ముల్లులుండెడివి. ఒకటి వందల అడుగులను, రెండవది వేలను, మూడవది పదివేలను చూపెడిది. అలసిన కన్ను ఒకదానిని మరియొకటిగా భ్రమించినచో వేల అడుగుల పొరపాటు కలుగును. పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1947లో చోదకుల యనుభవములను సేకరించి, ఇట్టి పొరపాట్లు చోదకుని అజాగ్రత్త వలననే గాక పరికరపు రూపము వలనను కలుగుచున్నవని చూపిరి.

2000 తరువాత చిన్న విమానములందును ముల్లులకు బదులు విద్యుత్తుతో వెలుగు గాజుపలకలు వచ్చినవి. వేగము, ఎత్తు, దిశ, దేశపటము, ఇంజను స్థితి అన్నియు రెండు పలకలపైననే కనబడును. చూచుటకు సొగసుగానే యున్నవి. కాని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, 2002 మొదలు 2006 వరకు తయారైన విమానములను పరిశీలించి, 2010లో నొక నివేదిక వెలువరించినది. గాజుపలకలున్న విమానములకు మొత్తము ప్రమాదములు తక్కువయే యైనను, ప్రాణాంతక ప్రమాదముల నిష్పత్తి ఎక్కువగా నుండెనట! ఆ విమానములు దూరప్రయాణములకు ఎక్కువగా వాడబడుటయు నిందులకు కొంత కారణము కావచ్చును. అయినను ఆయా పరికరమునకు దగిన శిక్షణ చోదకులకు అవసరమని మండలి నొక్కి చెప్పినది.

మరి పలకను సులభముగా చదువగలుగుట ఎట్లు? మొదటిది వెలుతురు. ఎండ నేరుగా పడినప్పుడు అక్షరములు వెలవెలబోవును. రాత్రి అదే కాంతి కన్నులను మిరుమిట్లు గొలుపును. కనుక పరిసరపు వెలుగునుబట్టి పలక కాంతి మారవలయును. కొన్ని రకముల చలువ కండ్లద్దములలోనుండి చూచినచో పలక నల్లబడి కనబడును. అట్టివి చోదకులు ధరింపరాదు.

రెండవది అక్షరరూపము. 3 అంకె 8 వలెను, 1 అంకె 7 వలెను తోచరాదు. 2010లో ఎయిర్‌బస్ సంస్థ తులూజ్ నగరపు విద్యాలయములతో గూడి ఇందుకై ప్రత్యేకముగా అక్షరములను రూపొందింప నారంభించినది. వానికి బి612 అని పేరు. విమానచోదకుడైన సెంట్-ఎక్సుపెరీ రచించిన బాలల కథలోని చిన్నరాజు నివసించు గ్రహము పేరది!

మూడవది రంగు. తక్షణాపాయమునకు ఎరుపును, హెచ్చరికకు పసుపువన్నెను కేటాయింతురు. ఎరుపును అలంకారమునకు వాడినచో, నిజముగా ఆపద వచ్చిననాడు దాని మాట ఎవరు విందురు? ఎరుపు పచ్చల భేదము తెలియని కన్నులును గలవు గనుక, రంగుతోపాటు మాటయు నుండవలయును.

అన్నిటికంటె చక్కని యుపాయము వేగపు పట్టీ ప్రక్కనుండు చిన్న గీత. కొన్ని పలకలందిది ఆరు సెకనుల తరువాత వేగమెంత యుండునో ముందుగా చూపును. నేలకు దగ్గరగా వేగము మితిమీరి తగ్గినచో రెక్కలు విమానమును మోయజాలవు. అంకెను చదివి లెక్కించుటకు అప్పుడు తీరిక యుండదు. గీత క్రిందికి సాగుట కన్ను క్షణములో గ్రహించును. అనగా మన గోడగడియారపు ముల్లు గుణము అంకెలకు మరల లభించినదన్నమాట.

సోదరీ! మందుసీసాపై మాత్రల లెక్క వ్రాయునప్పుడును, వృద్ధులకు చీటి వ్రాసి యుంచునప్పుడును ఈ సంగతి జ్ఞప్తికి దెచ్చుకొనుము. మనము వ్రాయునది పగటివేళ తీరికగా చదువువారికి మాత్రమే గాదు, అర్ధరాత్రివేళ కంగారుతో చదువువారికి గూడ.