ఐ.పి. పెట్టుటకు ముందు

పండుగ నెలలో బట్టల యంగడియందు కాలు మోపుటకు చోటుండని కాలమొకటి యుండెను. నేడు గృహిణులు చేతిలోని ఫోనునందే చీరల నెంచుకొనుచున్నారు; పచారు సరుకులును గుమ్మమునకే వచ్చుచున్నవి. కొనువారిని నిందించి ఫలము లేదు. మన యిండ్లలోను జరుగుచున్న దదియే. బేరము తగ్గినను అంగడి యద్దెయు, అప్పు మీది వడ్డీయు తగ్గవు.

మన వర్తకులలో కొందరీ స్థితిని దాచుచున్నారని మే మెరుగుదుము. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసి, తుదకు రాత్రికి రాత్రి ఊరు విడుచుచున్నారు. ఆంధ్రదేశమున "ఐ.పి. పెట్టినా"డన్నను, ఈ తమిళనాట "మంజళ్ కడుదాసి" యన్నను తలవంపుగా నెంచుటయే దీనికి మూలము. కాని యది చట్టము తెరచియుంచిన ద్వారము.

చెన్నపట్టణమున 1909 నాటి చట్టము, తక్కిన జిల్లాలలో 1920 నాటి చట్టము వర్తించును. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తుల కుద్దేశించిన భాగము, 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే అమలైనది. కావున చిన్న వర్తకునకు పాత చట్టములే శరణ్యము. 1920 నాటి చట్టము క్రింద 500 రూపాయలకు తక్కువ కాని అప్పులుండి, తీర్చలేనివాడు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆస్తి రిసీవరు వశమగును. ఋణదాతలు తమ పాళ్లు పొందుదురు. పిమ్మట న్యాయస్థానము ఋణవిముక్తి నొసగవచ్చును. అయితే ప్రభుత్వ బాకీలును, మోసముచే తెచ్చిన అప్పులును తొలగవు. తాకట్టు పట్టినవాని హక్కును చెడదు.

ఇచ్చటనే మన వారు పొరపడుచున్నారు. అర్జీకి ముందు ఇంటిని బావమరిది పేర వ్రాసినచో, రెండేండ్లలోపు బదిలీ గనుక అది చెల్లకపోవచ్చును. మూడు మాసములలోపు ఇతరులను విడిచి, చుట్టమునకే మేలుచేయనెంచి అప్పు తీర్చినను రిసీవరు దానిని తిరుగదోడవచ్చును. లెక్కల పుస్తకములు దాచుట శిక్షకే దారితీయును.

కావున ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వవలదు. అప్పులు పెరుగుచున్నవని తోచిన నాడే లెక్కలు తేల్చి న్యాయవాదిని చూడుడు. ఋణదాతలతో రాజీకి యత్నింపుడు. లోక్ అదాలతులో కోర్టు రుసుము లేకయే పరిష్కారము దొరకవచ్చును. ఋణదాతలలో పెక్కురు మన సంఘీయులే. వారికి మా మనవి యొక్కటే: నిజము చెప్పుకొన వచ్చినవానిని గుమ్మముననే యవమానింపకుడు. పారిపోయినవాని వలన ఎవరికిని చిల్లిగవ్వ రాదు. నిలిచినవాడు మరల అంగడి తెరువగలడు.