వేగం ధారణీయమా, అధారణీయమా?

ఆయుర్వేదానికి, గృహవైద్యానికి కేటాయించిన ఈ పుటలలో మోటారు సైకిలు ప్రసక్తి ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. శొంఠి కషాయం గురించి చదువుదామని పుట తిప్పినవారికి పెట్రోలు వాసన తగిలినట్లుండవచ్చును. కాని నేడు మధ్యతరగతివారిలో ద్విచక్రవాహనం లేని ఇల్లు అరుదు. రోగం వచ్చిన తరువాత ఏమి చేయవలెనో ఇంతగా చర్చించుకొనే మనం, గుమ్మం ముందు నిలిచియున్న ఆ వాహనం గురించి ఒక మాట అనుకొనడం తప్పు కాదు. అందునా నేను చెప్పబోయేది కార్యాలయానికో, అంగడికో పోయే ప్రయాణం గురించి కాదు. ఏ పనీ లేకుండా, కేవలం ఆనందం కోసం చేసే సవారీ గురించి.

నేను హాలహర్విలో నివసించే విశ్రాంత ఉపాధ్యాయుడను. ఆదివారం తెల్లవారుజామున నా పాత మోటారు సైకిలు తీసుకొని బయలుదేరడం చాలా ఏండ్ల అలవాటు. మా ఊరి దారి పట్టి ఒకవైపు పోతే ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం. మరొకవైపు పోతే హగరి నది, బళ్ళారి, ఇంకా ముందుకు హంపి. ఎటు పోయినా కనుచూపు మేర నల్లరేగడి నేల. తొలకరి పడిన మరునాడు ఆ నేలనుండి లేచే వాసన, పత్తిచేలు పగిలిన దినాలలో ఉభయపార్శ్వాల తెలుపు, ఆదోని సమీపిస్తుండగా ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుండ్ల కొండలు, కాలువ వంతెన దాటేటప్పుడు ముఖానికి తగిలే చల్లని గాలి - ఇవి బస్సు కిటికీలోనుండి దొరకవు. దారిలో ఒక కాకా హోటలు వద్ద ఆగి, వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని, టీ త్రాగి తిరిగి వచ్చేసరికి వారం దినాల చికాకు ఏ మలుపులో జారిపోయినదో తెలియదు.

ఈ సుఖానికి కారణం ఏమని ఆలోచించితిని. బండి నడిపేవాని మనస్సుకు తీరిక ఉండదు. ముందున్న గుంత, ప్రక్కనుండి వచ్చే గేదె, ఎదురుగా వచ్చే పత్తి లారీ, ఇంజను శబ్దంలోని చిన్న మార్పు - అన్నిటినీ ఒక్కసారి గమనించవలెను. నిన్నటి మాట, రేపటి అప్పు తలచుకొనడానికి చోటుండదు. ఇది ధ్యానమని నేననను. కాని చిత్తం ఒక పనియందు లగ్నమైనప్పుడు కలిగే విశ్రాంతి ఇందులో ఉన్నది. అయితే దీనిని వ్యాయామంగా లెక్కించి నడక మానివేసేవారు పొరపడుతున్నారు. కూర్చుండి చేసే ప్రయాణం కాళ్ళకు నడక కాజాలదు.

ఇక విసుగుల మాట. నాది రెండు స్ట్రోకుల పాత బండి. పెట్రోలులో నూనె కలుపవలెను. చలిదినాలలో పది తన్నులు తన్నినగాని మేల్కొనదు. పదకొండవ తన్నుకు కిక్కురాడు వెనుకకు కొట్టి పిక్కను వాచజేస్తుంది. నడిదారిలో నిలిచిపోతే ప్లగ్గు విప్పి, మసి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది మరల బిగించవలెను. ఆ పని తెలిసిన మెకానిక్కులు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. దానికి తోడు సున్నపు గీతయైనా లేని స్పీడు బ్రేకర్లు, రాత్రివేళ కండ్లు చెదరగొట్టే ఎదురు దీపాలు, పెట్రోలు ధర, "ఈ వయస్సులో ఈయనకిదేమి పిచ్చి" అనే ఇరుగుపొరుగు. వీటన్నిటికంటె బరువైనది, నేను తిరిగి వచ్చువరకు మా ఇంటావిడ వీధి గుమ్మంలో నిలబడే నిలుపు.

ఒకప్పుడు ఈ వాహనాలను జనులు వేరుగా చూచేవారు. 1955లో మద్రాసులో బుల్లెట్టు, 1961లో మైసూరులో జావా తయారీ ప్రారంభమైనవి. ఆ మైసూరు కర్మాగారంనుండే తరువాత యెజ్డీ బండ్లు వచ్చినవి. 1996లో అది మూతపడినది. కిక్కురాడునే ముందుకు మడిచి గేరుగా వాడుకొనే ఆ బండ్లను ఎరిగినవారు నేటికీ వాటి శబ్దం వినగానే తల త్రిప్పి చూస్తారు. 1985లో హీరోహోండా నూరు సి.సి. నాలుగు స్ట్రోకుల బండి వచ్చిన తరువాత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నదే ఇంటింటి ప్రశ్న అయినది. అది సంసారికి మేలే చేసినది. కాని ఆనందం కోసం బండి నడుపువాడు వృథావ్యయం చేసేవాడన్న భావం కూడ అప్పటినుండే బలపడినదని నా అభిప్రాయం.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగాలను గురించినది. అక్కడ వేగమంటే దేహంలో పుట్టే సహజమైన ప్రేరణ. మూత్రం, పురీషం, ఆకలి, దప్పిక, నిద్ర, ఆవలింత మొదలైన పదమూడు వేగాలను అణచిపెట్టరాదని ఆచార్యుడు చెప్పినాడు, ఇవి అధారణీయాలు. అదే అధ్యాయంలో అణచుకొనవలసిన వేగాలనూ చెప్పినాడు. లోభం, క్రోధం, గర్వం, తన శక్తికి మించిన దుస్సాహసం - ఇవి ధారణీయాలు. ఈ అధ్యాయం చదివినప్పుడెల్లా అది మోటారు సైకిలు నడిపేవారికే వ్రాసినట్లు నాకు తోస్తుంది. మనం చేసేది సరిగా దీనికి విరుద్ధం. ఇంకొక ఊరు దాటిన తరువాత ఆగుదామని మూత్రాన్ని ఆపుకొంటాము, దప్పికను ఓర్చుకొంటాము, కునుకు వస్తుంటే ముఖాన నీళ్ళు చల్లుకొని సాగుతాము. ముందుపోయే బండిని దాటవలెనన్న గర్వాన్ని మాత్రం క్షణమైనా ఆపుకొనము. అణచరానిదానిని అణచి, అణచవలసినదానిని విడిచిపెడుతున్నాము.

ఈ మాట అనే అర్హత నాకు తేలికగా రాలేదు. కొన్నేండ్ల క్రిందట మాఘమాసంలో ఒక ఉదయం ఆదోనినుండి తిరిగి వస్తున్నాను. మా ప్రాంతంలో కోతల కాలంలో రైతులు జొన్న కంకులు, కొర్ర, శనగ కట్టెలు తారురోడ్డుపై పరచి వాహనాల చక్రాలతో నూర్పిడి చేసుకొంటారు. కల్లాలకు చోటు లేక, కూలి భరించలేక చేసే పని అది, వారిని నిందించలేము. ఎండిన కంకులపై చక్రం పడితే ఇసుకపై పడినట్లే జారుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసియుండియు, మలుపులో వేగం తగ్గించలేదు. బండి ఒకవైపు, నేనొకవైపు పడితిమి. నా తల పోయి ఆనినది చొప్పకుప్పకు. ఒక మూర అవతల మైలురాయి ఉన్నది. హెల్మెట్టు అద్దానికి తగిలించియున్నది.

చేను గలాయన పరుగున వచ్చి నన్ను లేవదీసి, ఒళ్ళు దులిపి, "నిమ్మళంగా పోరాదా సారూ? నెత్తిన పెట్టుకునేదాన్ని బండికి తగిలించినావే!" అన్నాడు. ముప్పదియేండ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడను. ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పలేకపోయితిని. ఇంటికి వచ్చిన తరువాత మా ఇంటావిడ మోచేతి గాయం కడిగినదేగాని ఒక్క మాట అనలేదు. మరునాడు చూస్తే బండి తాళంచెవి కొక్కెమున లేదు. హెల్మెట్టు లోపల పెట్టి, దానిని దేవుని గూటి ప్రక్కన ఉంచినది. నేటికీ తాళంచెవి అక్కడే ఉంటుంది. హెల్మెట్టు చేతికి తీసుకొనక బండి తీయడం నాకు సాధ్యం కాదు.

హెల్మెట్టు వెనుక ఒక వైద్యుని కథ ఉన్నది. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధిచెందిన ఆంగ్లేయ సైనికుడు, రచయిత 1935 మే నెలలో ఇంగ్లండులో సైకిళ్ళపై పోతున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలుపైనుండి పడి, ఆరు దినాలకు తలగాయంతో మరణించినాడు. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆయన యుద్ధకాలంలో వార్తలు మోసే సైనికుల తలగాయాలను పరిశీలించి, 1941లో హెల్మెట్టు ఆవశ్యకతను చాటే వ్యాసం ప్రకటించినాడు. నేటి అధ్యయనాలన్నిటినీ బేరీజు వేసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, హెల్మెట్టు మరణభయాన్ని సుమారు 42 శాతం, తలగాయాన్ని 69 శాతం తగ్గిస్తుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాలపై పోయేవారే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ విభాగం ముందు కూర్చున్నవానికే కాదు, వెనుక కూర్చున్నవారికి కూడ హెల్మెట్టు విధించినది. వెనుక కూర్చుండేది సాధారణంగా మన ఇల్లాలే. ఆమె తలకు రక్షణ లేకుండా మన తలకు మాత్రమే కట్టుకొనడం ఏ ధర్మమో ఆలోచించవలెను.

సవారీ చేసేవారు పాటించదగిన కొన్ని గృహవిధులు చెప్తాను. దీర్ఘమైన వాహనయానం వాతాన్ని పెంచుతుందని మన శాస్త్రం. గుర్రం, ఒంటె వంటి వాహనాలపై అధికంగా తిరగడాన్ని చరకుడు వాతరక్తానికి గల కారణాలలో చేర్చినాడు. ఇంజను అదురుకు చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కడం, నడుము పట్టివేయడం అందరికీ అనుభవమే. హ్యాండిలును పిడికిలి బిగించి కాక వదులుగా పట్టుకొనవలెను. గంటకొకసారి దిగి, నాలుగడుగులు నడచి, మూత్రవిసర్జన చేసి, నీరు త్రాగవలెను. మా ప్రాంతపు ఎండలకు పలుచని మజ్జిగలో ఉప్పు, జీలకర్ర వేసి సీసాలో తీసుకొని పోవడం మంచిది. దారిలో నన్నారి షర్బతు దొరికితే సంతోషమే. బయలుదేరే ముందు భారీ భోజనం కూడదు. జొన్నరొట్టె, పల్లీల పొడి చాలును. ఇల్లు చేరిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో నడుము, మెడ, అరికాళ్ళు మర్దించి, అరగంట తరువాత వేడినీటి స్నానం చేసినయెడల బడలిక తీరుతుంది. నిత్య తైలాభ్యంగనంలో తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేక శ్రద్ధ చూపవలెనని అష్టాంగహృదయం కూడ చెప్పుచున్నది.

గృహవైద్యానికి హద్దు ఎక్కడో తెలిసియుండడం గృహవైద్యంలో భాగమే. సైలెన్సరు తగిలి కాలినచోట సిరా, పండ్లపొడి, నూనె పూయరాదు. ఇరవై నిమిషాలపాటు చల్లని నీటిధార క్రింద ఉంచవలెను. దెబ్బ తగిలి వాచినచోట తైలమర్దనం పనికిరాదు. తలకు దెబ్బ తగిలినవానికి వాంతి, మగత, తలనొప్పి హెచ్చడం, మాట తడబడడం వీటిలో ఏ ఒక్కటి కనబడినా, పసుపు, కాఫీపొడి, కషాయాలు వెదుకుతూ కాలం గడపరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ నేటికీ ఉన్నది. క్షతగాత్రుని సద్భావంతో ఆదుకొన్నవారికి 2019 సవరణతో చట్టం రక్షణ కల్పించినది. పోలీసుల భయంతో తప్పుకొని పోనవసరం లేదు.

ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం మా మనుమడు. వానికి ఈ సంవత్సరం పదునెనిమిది నిండుతాయి; బండి కావాలంటున్నాడు. వాని తండ్రి వద్దంటున్నాడు. "ఈ పిచ్చి మీరు నేర్పినదే, మీరే తేల్చండి" అని మా ఇంటావిడ నామీద పెట్టినది. వద్దన్నంత మాత్రాన యువకులు మానుకొంటారని నేను నమ్మను. స్నేహితుని బండిపై, హెల్మెట్టు లేకుండా, ఇంటివారికి తెలియకుండా నడుపుతారు. దాచి చేసే సవారీకంటె చెప్పి చేసే సవారీ మేలు. చరకుడు ఆయువును సుఖాయువు, హితాయువు అని విడదీసి చెప్పినాడు. తనకు సుఖమైనది సుఖాయువు. ఇతరులకు మేలు చేకూర్చేది హితాయువు. బండి సుఖమిస్తుంది, సందేహం లేదు. గుమ్మంలో నిలబడియున్నవారికి హితం కలిగేట్లు దానిని నడపడమే మనం నేర్పవలసినది.

కావున మనుమనికి నా షరతులు చెప్పితిని. ముందు లైసెన్సు. హెల్మెట్టు కొనిన తరువాతనే బండి. మొదటి ఏడాది రాత్రి ప్రయాణం లేదు. ప్లగ్గు విప్పి శుభ్రం చేయడం, గాయానికి కట్టు కట్టడం రెండూ నేర్చుకొనవలెను. మాఘమాసంలో జొన్న కంకులు పరచిన రోడ్డుపై నా వెనుక ఒకసారి వచ్చి, దిగి, బండిని నెట్టుకొని దాటవలెను. వాడు మిగిలినవన్నీ ఒప్పుకొన్నాడు. నెట్టుకొని పోవడం మాత్రం నామోషీ అంటున్నాడు. ఆ ఒక్కటి ఒప్పుకొన్న దినమే తాళంచెవి ఇవ్వవలెనని నా నిశ్చయం.