క్లోమగ్రంథిలో కొలెస్ట్రాల్

కొలెస్ట్రాల్ అనగానే మనం గుండెను, షుగర్ అనగానే మిఠాయిని తలచుకుంటాము. ఒకటి కొవ్వుకు, మరొకటి తీపికి సంబంధించిన వ్యాధి అని లెక్క వేసుకుంటాము. కాని జీర్ణాశయం వెనుక ఉన్న క్లోమగ్రంథిలో ఈ రెండూ కలుసుకుంటాయి.

క్లోమంలో చెదురుమదురుగా ఉన్న కణాల గుంపులను 1869లో జర్మనీకి చెందిన పాల్ లాంగర్‌హాన్స్ మొదట వర్ణించాడు. వాటిలోని బీటా కణాలే ఇన్సులిన్‌ను తయారు చేస్తాయి. భోజనానంతరం రక్తంలో గ్లూకోజ్ పెరిగితే, గ్లూకోకైనేజ్ అనే ఎంజైము సాయంతో అవి పసిగట్టి, తగినంత ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి.

ఈ కణాలకు కొలెస్ట్రాల్ శత్రువు కాదు. కణపు పొరకూ, ఇన్సులిన్‌ను దాచి ఉంచే సూక్ష్మమైన సంచులకూ అది అవసరమే. మితిమీరినప్పుడే చిక్కు. కణంలో అది పేరుకుంటే గ్లూకోకైనేజ్ చురుకుదనం తగ్గి, ఇన్సులిన్ విడుదల మందగిస్తుందని 2007లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. అదనపు కొలెస్ట్రాల్‌ను బయటికి పంపే ఏబీసీఏ1 అనే ప్రోటీన్‌ను బీటా కణాల్లో లేకుండా చేసిన ఎలుకలలో కూడా ఇన్సులిన్ విడుదల దెబ్బతిన్నది.

అయితే రక్తపరీక్షలో కనిపించే అంకె వేరు, కణంలో చేరిన కొలెస్ట్రాల్ వేరు. వంశపారంపర్యంగా రక్తంలో చెడు కొలెస్ట్రాల్ అధికంగా ఉండేవారిలో మధుమేహం ఇతరులకంటే తక్కువగా కనిపించింది. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను కణాలు సరిగా లోపలికి తీసుకోలేకపోవడమే ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల భావన.

కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రల వలన మధుమేహం వచ్చే అవకాశం స్వల్పంగా పెరుగుతుందన్నది నిజమే. ఈ మాట చెవిన పడగానే మన ఇళ్లలో పెద్దలు కొందరు మాత్రలు మానివేస్తారు. ఇది ప్రమాదకరం. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉన్నవారికి ఆ మాత్రల వలన కలిగే మేలు ఈ స్వల్ప నష్టం కంటే చాలా ఎక్కువ. సందేహం కలిగితే వైద్యుని అడగాలి తప్ప, స్వయంగా నిర్ణయించుకోరాదు.

కనుక కొలెస్ట్రాల్ పరీక్షకు వెళ్లినప్పుడు హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అవసరమా అని వైద్యుని అడుగుదాము. దావతుల్లో నెయ్యి, వనస్పతి, కొవ్వు మాంసం తగ్గిద్దాము. భోజనం చేశాక కాసేపు నడుద్దాము. గుండెకు మేలు చేసే ఈ అలవాట్లే షుగర్ అదుపునకూ తోడ్పడతాయి.