లిస్టన్‌ను అమ్మి కప్పు గెలిచారు, జీతాలు ఆపి జట్టునే పోగొట్టుకున్నారు

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక పీజీ మూడో అంతస్తు బాల్కనీలో పసుపు రంగు జెర్సీ ఆరేసి ఉంది. కింద జిరాక్స్ షాపు, పక్కనే టెస్ట్ సిరీస్ ఫ్లెక్సీ. ఢిల్లీలో ఆ పసుపును గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అది హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. దాని యజమాని వరంగల్ నుంచి సివిల్స్ కోచింగ్‌కు వచ్చిన కుర్రాడు. టీ కొట్టు దగ్గర మాట కలిసింది. తాను ఢిల్లీ వచ్చిన కొన్నాళ్లకే తన జట్టు కూడా సామాను సర్దుకుని ఇక్కడికే వచ్చేసిందని నవ్వుతూనే చెప్పాడు. కానీ అది నవ్వే విషయం కాదని ఇద్దరికీ తెలుసు.

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు, ఊరు రెండూ మారాయి. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. దీనికంతటికీ మొదలు 2021లో లిస్టన్ కొలాసోను అమ్మడమేనని ఆ కుర్రాడి వాదన. మంచి కుర్రాళ్లను ఒక్కొక్కరినీ అమ్ముకుంటూ పోతే చివరికి మిగిలేది ఖాళీ స్టేడియమే అన్నాడు. చాలామంది అభిమానుల మాట ఇదే. నేను ఒప్పుకోలేకపోయాను. టీ అయిపోయింది గానీ వాదన తెగలేదు.

చిన్న క్లబ్ చేతికి ఒక మంచి కుర్రాడు దొరుకుతాడు. రెండు సీజన్లలో పేరు తెచ్చుకుంటాడు. పెద్ద క్లబ్ నుంచి ఫోన్ వస్తుంది. అమ్మాలా, ఉంచుకోవాలా? ప్రపంచంలో ఏ మూల ఫుట్‌బాల్ ఆడినా ఈ ప్రశ్న తప్పదు. తెలుగు నేల మీద దాన్ని అత్యున్నత లీగ్ స్థాయిలో ఎదుర్కొన్న క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ. ఆరేళ్లలోనే దాని కథ ముగిసింది కాబట్టి లెక్క మొదటి నుంచి చివరి దాకా చూడొచ్చు.

2019 ఆగస్టులో పుణె సిటీ క్లబ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం సొంత మైదానం. అదే నెలాఖరున ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులు అద్దె ఇల్లు మారినట్టు ఊళ్లు మారతాయని అప్పుడే అర్థం కావాల్సింది. మనం పట్టించుకోలేదు.

మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌లలో రెండే విజయాలు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. ఆ సీజన్ మధ్యలో, 2020 జనవరిలో, ఎఫ్‌సీ గోవాలో పెద్దగా అవకాశాలు దొరకని లిస్టన్ కొలాసో హైదరాబాద్ వచ్చాడు. ఎడమ వైపు నుంచి లోపలికి కోసుకొచ్చి కుడి కాలితో కొట్టే వింగర్. 2020 ఆగస్టులో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక జట్టు ఆలోచనే మారింది. పేరున్నవాళ్లను పక్కనపెట్టి కుర్రాళ్లను ఆడించాడు. ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రా ఎడమ బ్యాక్, పుణె నుంచి వచ్చిన ఆశిష్ రాయ్ కుడి బ్యాక్, ముందు లిస్టన్. ఆఖరి స్థానంలో ఉన్న జట్టు ఒక్క ఏడాదిలో ఐదో స్థానానికి ఎగబాకింది.

అప్పుడు వచ్చింది కోల్‌కతా నుంచి కబురు. ఏటీకే మోహన్ బగాన్ లిస్టన్‌ను అడిగింది. 2021 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. ఫీజు రూ.1 కోటి అని, భారత ఆటగాడికి అప్పటికి అదే రికార్డని వార్తలొచ్చాయి. లిస్టన్‌కు అప్పుడు 22 ఏళ్లు.

అమ్మకుండా ఉండాల్సిందా? అప్పటి పరిస్థితి చూడండి. కోవిడ్ వల్ల 2020-21 సీజన్ మొత్తం గోవాలో, తలుపులు మూసి జరిగింది. తర్వాతి సీజనూ గోవాలోనే. అంటే వరుసగా రెండేళ్లు గచ్చిబౌలిలో ఒక్క టికెట్ తెగలేదు. ఐఎస్ఎల్ క్లబ్బుకు ఆటగాళ్ల జీతాల పరిమితే ఏడాదికి రూ.16 కోట్ల పైచిలుకు. ఫ్రాంచైజీ ఫీజు, ప్రయాణాలు, హోటళ్లు వేరే. ఈ ఖర్చులో రూ.1 కోటి చాలా చిన్న మొత్తం, నిజమే. కానీ ఆదాయం అనదగ్గది దాదాపు లేని క్లబ్‌కు, కాంట్రాక్టు గడువు మిగిలి ఉన్న ఆటగాడి మీద వచ్చే డబ్బు స్పాన్సర్ దయ మీద ఆధారపడనిది. తన పని తాను బాగా చేసినందుకు వచ్చినది.

తర్వాత ఏం జరిగింది? లిస్టన్ కోల్‌కతాలో బాగా ఆడాడు. 2021-22 లీగ్‌లో ఎనిమిది గోల్స్ కొట్టాడు. హైదరాబాద్ మాత్రం నైజీరియా స్ట్రయికర్ బార్తలోమ్యూ ఓగ్బెచేను తెచ్చుకుంది. అతను 18 గోల్స్‌తో ఆ సీజన్‌లో అందరికంటే ముందు నిలిచాడు. సెమీఫైనల్లో ఎదురైంది ఏటీకే మోహన్ బగానే. రెండు మ్యాచ్‌లలో కలిపి 3-2తో హైదరాబాద్ గెలిచింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్ జట్టును బతికించింది, పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. స్టార్‌ను అమ్మేసిన క్లబ్ అతన్ని కొన్న క్లబ్‌ను దాటి కప్పు ఎత్తింది.

ఆ వేసవిలో ఆశిష్ రాయ్ కూడా మోహన్ బగాన్‌కే వెళ్లాడు. అయినా 2022-23లో హైదరాబాద్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఈసారి సెమీఫైనల్లో లెక్క తిరగబడింది. అదే మోహన్ బగాన్ చేతిలో, కోల్‌కతాలో, పెనాల్టీలపై 3-4తో ఓటమి. లిస్టన్, ఆశిష్ ఇద్దరూ అవతలి జట్టువాళ్లే. ఆ రాత్రి హైదరాబాద్ అభిమాని గుండెలో ఏం మెదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అభిమాని వాదనకు బలం అక్కడే ఉంది. అమ్మిన ఆటగాడు ఎక్కడికో పోడు, నీ గోల్‌పోస్టు ముందుకే తిరిగొస్తాడు. ఐఎస్ఎల్‌లాంటి చిన్న లీగ్‌లో కొనేవాడు, ఎదురుగా ఆడేవాడు ఒక్కడే.

అయితే జట్టు కూలింది ఆ పెనాల్టీలతో కాదు. 2023లో మనోలో గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి వెళ్లిపోయారు. ఆ తర్వాత బయటపడింది అసలు రోగం. జీతాలు ఆగాయి. ఆటగాళ్లు, సిబ్బంది బకాయిల గురించి బహిరంగంగా మాట్లాడారు. ఫిఫా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పెట్టింది.

ఇక్కడ ఒక నిబంధన తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. ఫిఫా బదిలీ నిబంధనల ప్రకారం కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు 15 రోజుల గడువిస్తూ నోటీసు పంపి, అప్పటికీ డబ్బు రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. తప్పు క్లబ్‌ది కాబట్టి ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లిపోతాడు. అంటే క్లబ్ చేతిలో ఉన్న ఆస్తి కుర్రాడి ప్రతిభ కాదు, వాడితో చేసుకున్న కాగితం. జీతం ఆపిన మూడో నెలలో ఆ కాగితం చిత్తు కాగితమే. కొనాలనుకునే పెద్ద క్లబ్‌కు ఇది మనకంటే ముందే తెలుస్తుంది. నోటీసు గడువు దాటేదాకా ఓపిక పట్టేవాడు కోటి ఎందుకిస్తాడు?

2024 జనవరి నాటికి జట్టు చెల్లాచెదురైంది. చింగ్లెన్సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకు, మహ్మద్ యాసిర్ గోవాకు వెళ్లారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో సీజన్‌ను ఈడ్చుకొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క విజయం, 8 పాయింట్లు. రెండేళ్ల కిందట చాంపియన్! ఆ కుర్రాళ్లను తప్పుపట్టలేం. సీనియర్లు వెళ్లిపోయిన గదిలో కూర్చుని వారం వారం మైదానంలోకి దిగారు.

కాబట్టి నా లెక్క ఇది. ఆటగాళ్లను అమ్మడం హైదరాబాద్‌ను ముంచలేదు. అమ్మడం మానేయాల్సి వచ్చిన రోజున, అంటే అమ్మడానికి విలువైన కాంట్రాక్టే మిగలని రోజున, మునిగింది. లిస్టన్‌ను అమ్మింది బలంగా ఉన్నప్పుడు. 2024లో ఆటగాళ్లు వెళ్లింది క్లబ్ చేతులెత్తేశాక. బయటి నుంచి చూస్తే రెండూ స్టార్లు వెళ్లిపోవడమే. లోపల రెండింటికీ పోలికే లేదు.

దీనితో మరో చిక్కు ఉంది. కాంట్రాక్టులో చివరి ఆరు నెలలు మిగిలితే ఆటగాడు వేరే క్లబ్‌తో ముందే సంతకం చేసుకోవచ్చు, పాత క్లబ్‌కు పైసా రాదు. మన లీగ్‌లో భారత ఆటగాళ్లు చాలామంది ఇలా గడువు తీరాకే మారతారు. కాబట్టి చిన్న క్లబ్ అమ్మాలా వద్దా అని తేల్చుకోవాల్సింది స్టార్ పేరు పత్రికల్లో మారుమోగేటప్పుడు కాదు, గడువు ఇంకా ఏడాదిన్నర, రెండేళ్లు ఉన్నప్పుడే. అప్పుడు అభిమానులు ఒప్పుకోరు, కోచ్ ఒప్పుకోడు, ఒక్కోసారి కుర్రాడి ఇంట్లోవాళ్లూ తొందరపడొద్దంటారు. సరైన సమయం ఎప్పుడూ అందరికీ తప్పుగానే కనిపిస్తుంది.

నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్ పట్టణానికి చెందిన విల్లెమ్ II అనే క్లబ్ ఈ చిక్కును తెలివిగా దాటింది. 2015లో ఫ్రెంకీ డి యోంగ్ అనే కుర్రాణ్ని అయాక్స్‌కు ఇచ్చింది. తీసుకున్న ధర పేరుకు ఒక్క యూరో. కానీ అతన్ని అయాక్స్ మళ్లీ అమ్మితే 10 శాతం వాటా కావాలని రాయించుకుంది. 2019లో బార్సిలోనా అతనికి 7.5 కోట్ల యూరోలు కట్టింది. అలాంటి ఒక వాక్యం రాయించుకోవడానికి కోట్లు అక్కర్లేదు, కాంట్రాక్టులు చదివే మంచి లాయర్ ఉంటే చాలు. మన క్లబ్బుల్లో ఫొటోగ్రాఫర్‌కు ఉన్న ప్రాధాన్యం ఆ లాయర్‌కు ఉందా అన్నది నా అనుమానం.

కోల్‌కతాకు కుర్రాళ్లను పంపడం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు రహీం సాబ్ గుర్తుండే ఉంటారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1966లో మహ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. ఇద్దరూ 2023లోనే కన్నుమూశారు. వాళ్లను తయారుచేసిన ఊరికి పేరు మిగిలింది, డబ్బు కాదు. అప్పుడు బదిలీ ఫీజులు లేవు, ఆటగాడికి ఉద్యోగం, క్లబ్‌కు కీర్తి అన్నట్టు నడిచింది. గుర్తింపు వచ్చినా, వెళ్లిన ప్రతిభ బదులు మరో ప్రతిభను పెంచే సొమ్ము రాలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ నెమ్మదిగా ఎండిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఒక కారణం.

ఇప్పుడైతే నిబంధనలున్నాయి. అంతర్జాతీయ బదిలీ ఫీజులో 5 శాతాన్ని, ఆ ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. శిక్షణ పరిహారం అనే నిబంధన మాత్రం పురుషుల ఆటలోనే సాగే మాట. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. మహిళల ఫుట్‌బాల్‌కు ఫిఫా శిక్షణ పరిహారం వర్తించదు. ఆమెను తొలినాళ్లలో తీర్చిదిద్దినవాళ్లకు చప్పట్లే పరిహారం.

హైదరాబాద్ ఎఫ్‌సీని తప్పుపట్టాల్సింది కూడా ఇక్కడే. లిస్టన్ గోవావాడు, ఆశిష్ సిక్కిం, ఆకాశ్ ఉత్తరప్రదేశ్. ముగ్గురినీ ఎక్కడో తయారై ఉండగా తెచ్చుకున్నారు. అలా తెచ్చి మెరుగుపరిచి అమ్మడం వ్యాపారంగా సరైనదే, కానీ తెచ్చే కోచ్ వెళ్లిపోతే ఊట ఆగిపోతుంది. బార్కస్‌లోనో, సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలోనో ఆడే పదమూడేళ్ల పిల్లాడు గచ్చిబౌలి మైదానం దాకా ఎలా చేరాలో ఆ ఆరేళ్లలో ఒక దారి కనిపించలేదు. మనోలో గోవా వెళ్లిన ఏడాదికే జట్టులో తర్వాతి లిస్టన్ ఎవరో చెప్పలేని స్థితి వచ్చింది.

బీసీ జిందాల్ గ్రూప్ 2024-25 సీజన్‌కు ముందు క్లబ్‌ను తీసుకుంది. ఆ సీజన్‌లో జట్టు 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. తర్వాత ఏకంగా ఊరే మార్చింది. ఆ సమయంలో లీగ్ భవిష్యత్తే ప్రశ్నార్థకం. సమాఖ్యకు, నిర్వాహక సంస్థకు మధ్య హక్కుల ఒప్పందం గడువు 2025 డిసెంబరులో తీరుతుండగా, దాని మీద స్పష్టత లేక జులైలోనే కొత్త సీజన్‌ను నిలిపేశారు. అలాంటప్పుడు ఒక కుర్రాడి ధర ఎంతో ఎవరు చెప్పగలరు? లీగే జరుగుతుందో లేదో తెలియనప్పుడు కొనేవాడుండడు.

రాష్ట్రంలో ఇప్పుడు మిగిలిన పెద్ద క్లబ్ శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ పైకి వెళ్లింది మొదటి స్థానం దక్కించుకున్న పంజాబ్, మహమ్మదన్ జట్లే. రెండో స్థానానికి ప్రమోషన్ లేదు. అలాంటి క్లబ్‌లో బాగా ఆడే ఇరవై ఏళ్ల కుర్రాణ్ని ఇంకో ఏడాది ఆగమని ఏ ముఖంతో అడుగుతారు? అమ్మడమే న్యాయం, కానీ గడువు ఉండగా, వాటా రాయించుకుని, ఆ డబ్బుతో కింద మరో నలుగురిని సిద్ధం చేసి అమ్మాలి.

ఇదంతా ఫోన్‌లో చెబితే రాజిందర్ నగర్ కుర్రాడు సగమే ఒప్పుకున్నాడు. లిస్టన్ సంగతి సరే, మరి తాను ఇప్పుడు ఎవరికి చప్పట్లు కొట్టాలని అడిగాడు. స్పోర్టింగ్ ఢిల్లీ మ్యాచ్‌కు రమ్మంటే, ప్రిలిమ్స్ అయ్యాక చూద్దాం, పసుపు జెర్సీ వేసుకొస్తానన్నాడు.