ఒంటరి కాపురానికి ఎంత పొయ్యి?

అరకు లోయలో ఉద్యోగం చేస్తున్న ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. సొంత ఊరు మైదానంలో, ఉద్యోగం కొండమీద. ఉపాధ్యాయినిగా చేరి ఆరు నెలలయిందట. స్లాబు వేసిన ఒక గది, దాన్ని ఆనుకుని చిన్న వంటిల్లు, ముందు వరండా. వంట ఒక్కరికే. ఆమె ప్రశ్న ఇది: "ఇక్కడ బొంగులో చికెన్ తిన్నప్పటినుంచి నిప్పుమీద కాల్చిన వంటంటే ఇష్టం పుట్టింది. గ్యాసు గ్రిల్ ఒకటి కొందామనుకుంటున్నాను. మూడు బర్నర్లది కొనమని కొందరు, ఒకటి చాలునని కొందరు అంటున్నారు. ఒంటరిగా ఉండే నాకు ఎంతది సరిపోతుంది? నూనె లేని వంట కాబట్టి ఆరోగ్యానికి మంచిదే కదా?"

ప్రశ్న బాగానే ఉంది. కాని ఉత్తరం చివర, సంతకం కింద, ఆమె మరో నాలుగు ముక్కలు రాశారు: "డిసెంబరు వచ్చాక చలికి తట్టుకోలేక రాత్రిళ్ళు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నాను. పొద్దున్న లేచేసరికి తలనొప్పి, వికారం. స్కూలుకు వెళ్ళాక తగ్గిపోతోంది. ఈ ఊరి నీళ్ళు నాకు పడలేదంటారా?"

అమ్మా, అది నీళ్ళ దోషం కాదు. ముందు ఈ నాలుగు ముక్కలకే జవాబు చెబుతాను. గ్రిల్ సంగతి తరువాత చూద్దాం.

పొగలేని నిప్పే ప్రమాదం

బొగ్గు పూర్తిగా కాలాలంటే ధారాళంగా గాలి కావాలి. తలుపులు మూసిన గదిలో గాలి చాలక బొగ్గు అరకొరగా కాలుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు, దగ్గు తెప్పించదు. పొగ వస్తే మనం లేచి కిటికీ తీస్తాం. ఎర్రగా కణకణలాడే బొగ్గుల్లో పొగ ఉండదు కాబట్టి "ఇక భయం లేదు" అనుకుని కుంపటిని మంచం దగ్గరకు జరుపుకుంటాం. పొరపాటంతా అక్కడే ఉంది.

మన రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. ప్రాణవాయువుకంటే ఈ విషవాయువు రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ఒకరే ఆక్రమించుకుంటే తక్కినవారు ఎక్కలేరు కదా, ఇదీ అంతే. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకు, గుండెకు మాత్రం ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కాళ్ళలో నిస్సత్తువ. చూస్తే ఫ్లూ జ్వరంలాగే ఉంటుంది, ఒళ్ళు మాత్రం వెచ్చబడదు. ఇంకా పీలిస్తే మగత, స్పృహ తప్పడం, మరణం.

ఆరుబయటి గాలి పీలుస్తుంటే ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మీకు స్కూలుకు వెళ్ళాక తలనొప్పి తగ్గడానికి కారణం ఇదే. కుంపటి పెట్టని రాత్రి తర్వాత తలనొప్పి రాకపోతే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఒంటరిగా ఉండేవారికి ఈ ప్రమాదం రెట్టింపు. ఇంట్లో నలుగురుంటే ఎవరో ఒకరు మూలుగు విని తలుపు తీస్తారు. ఒక్కరే ఉన్నప్పుడు లేచి తలుపు తీయవలసింది మీరే. ముందుగా మొద్దుబారేది మీ మెదడే. ప్రమాదం తెలిసినా కాళ్ళు లేవని స్థితి వస్తుంది. గర్భిణులకు, గుండె జబ్బు ఉన్నవారికి, రక్తహీనత ఉన్నవారికి తక్కువ మోతాదు కూడా ముప్పే. ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బుతో బాధపడేవారు కూడా ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

"ఇక్కడి ఊళ్ళలో తరతరాలుగా ఇంట్లోనే నిప్పు పెట్టుకుంటున్నారు కదా" అని మీరనవచ్చు. పాతకాలపు పెంకుటింట్లో, గడ్డి ఇంట్లో కప్పు సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. అయినా ఆ పొగ వల్ల దగ్గు, ఆయాసం, కంటి జబ్బులు వస్తూనే ఉన్నాయి. మీ స్లాబు గదిలో ఆ సందులు కూడా లేవు. పైగా చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో మీరే గుడ్డలు కుక్కి ఉంటారు.

కాబట్టి ఈ రాత్రి నుంచే కుంపటి గడప దాటి లోపలికి రాకూడదు. కిటికీ కొంచెం తెరిచి పెట్టుకుంటే చాలుననే ధీమా కూడా వద్దు. చలికి ఉన్ని మేజోళ్ళు, చెవులు కప్పే టోపీ, రెండు పలుచని రగ్గులు వాడండి. రెండు పొరల మధ్య నిలిచే గాలి ఒక మందపాటి రగ్గుకంటే బాగా వెచ్చదనాన్నిస్తుంది. రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పడుకోబోయే ముందు గ్లాసుడు వేడి చోడి అంబలి తాగండి.

ఇక గ్రిల్ సంగతి

గ్యాసు గ్రిల్ ఆరుబయట వాడే వస్తువు. గదిలో గాని, వంటింట్లో గాని వాడకూడదు. గ్యాసుతో మండేదానికి విషవాయువు రాదనుకోకండి. గాలి చాలకపోతే గ్యాసు మంట కూడా అదే పని చేస్తుంది. వరండాలో పెట్టుకోవచ్చా అంటే, మూడు వైపులా తెరిచి ఉంటే పెట్టుకోవచ్చు. చలిగాలికని, వానకని చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కడితే అది వరండా కాదు, మరో గది. పైన తాటాకు పందిరి ఉన్నా పనికిరాదు.

పరిమాణం మాటకొస్తే, ఒక్క మనిషికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న కాల్చే జాలీ, ఒక బర్నరు చాలు. రెండు కోడికాళ్ళు, నాలుగు వంకాయ చెక్కలు, ఒక మొక్కజొన్న పొత్తు దానిమీద పడతాయి. ఎప్పుడో వచ్చే అతిథుల కోసం మూడు బర్నర్లది కొంటే రోజూ ఆ పెద్ద ఇనుమునంతా వేడి చెయ్యడానికి గ్యాసు తగలెయ్యాలి, తోమే పని కూడా మూడింతలు. తోమని జాలీమీద పాత కొవ్వు మాడి పొగలు కక్కుతుంది. కొనేముందు అది మన ఇళ్ళలో వాడే రెగ్యులేటరుకు సరిపడేదేనా అని అడగండి. పైదేశాల గ్రిల్లులన్నీ మన గ్యాసు ఒత్తిడికి తయారైనవి కావు. ఇంత హంగు ఎందుకనుకుంటే, ఇనప పెనం మీద మూత పెట్టి కాల్చినా ఆ రుచిలో ముప్పాతిక వంతు వస్తుంది.

నూనె లేదు కాబట్టి కాల్చిందంతా ఆరోగ్యకరం అనుకోవద్దు. మాంసం నల్లగా మాడిన చోట, కొవ్వు నిప్పుల్లో పడి లేచిన పొగ తగిలిన చోట కాన్సరు కలిగించగల పదార్థాలు ఏర్పడతాయి. సన్నని సెగమీద కాల్చండి. తరచు తిప్పండి. మాడిన భాగం తీసిపారెయ్యండి. అలాగని పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉన్న కోడిమాంసం తినకూడదు. ఎముక దగ్గర ఎర్రదనం పోవాలి. సంతలో మీకు ఒక పూటకు కావలసినంతే కొనండి. కొండమీద చలిగా ఉంటుంది కదా, పాడవదులే అని వండిన మాంసం, అన్నం రాత్రంతా బయట ఉంచి మర్నాడు తినకండి. చలికాలంలో కూడా మధ్యాహ్నపు ఎండ సూక్ష్మజీవులకు చాలు.

సిలిండరు: మోయగలిగినంతే

రోజువారీ వంటకు మీకు కావలసింది చిన్న గ్యాసు స్టవ్వే. రెండు బర్నర్లుంటే ఒకదానిమీద అన్నం, మరొకదానిమీద కూర అవుతుంది. అంతకు మించి అక్కర్లేదు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకితే ఆ గ్యాసు వృథా. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగి గిన్నెలకు మసి పడుతుంటే గాలి సరిగా అందడం లేదని అర్థం. చల్లారాక బర్నరు రంధ్రాలు శుభ్రం చెయ్యండి. అప్పటికీ మారకపోతే మెకానిక్కును పిలవండి.

ఇళ్ళలో వాడే పెద్ద సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఇనుము బరువు కూడా కలిపితే దాదాపు 30 కిలోలు. బండి ఆగిన చోటునుంచి మెట్లెక్కి ఇంటికి చేర్చవలసింది మీరొక్కరే అయితే ఆ బరువు మీ నడుముమీద పడుతుంది. నడుం వంచి ఒక్క ఉదుటున ఎత్తి డిస్కు నొప్పి తెచ్చుకున్నవారిని ఎందరినో చూశాను. 5 కిలోల చిన్న సిలిండరు కూడా దొరుకుతుంది. బదిలీ ఉద్యోగులకు, అద్దె ఇళ్ళవారికి వీలుగా 2013 నుంచి దాన్ని గుర్తింపు కార్డు చూపితే చాలు అమ్ముతున్నారు. పొదుపుగా వండుకుంటే ఒక్కరికి దాదాపు నెల రోజులు వస్తుంది.

సిలిండరును ఎప్పుడూ నిలువుగా, స్టవ్వుకంటే కింద, గాలి తగిలే చోట ఉంచండి. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే నేలమీదే పేరుకుంటుంది. అందుకే వంటింట్లో నేలకు దగ్గరగా గాలి పోయే దారి ఉండాలి. వాసన వస్తే లైటు స్విచ్చి వెయ్యకండి, తీయకండి. రెగ్యులేటరు కట్టి, తలుపులు తీసి, బయటకు వచ్చి 1906కు ఫోన్ చెయ్యండి. రబ్బరు గొట్టం అయిదేళ్ళకొకసారి మార్చాలి. లంబసింగి వైపు సున్నా డిగ్రీల దగ్గరకు దిగే చలిలో మంట కాస్త మందగించవచ్చు. అప్పుడు సిలిండరును నిప్పు దగ్గర పెట్టడం, దానిమీద మరిగే నీళ్ళు పొయ్యడం ప్రాణాంతకం.

మరొక చిన్న మాట. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు వంద డిగ్రీలకు కాదు, దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు ఉడకడం లేదని స్టవ్వును నిందించకండి. రెండు లీటర్ల చిన్న ప్రెషర్ కుక్కరు కొనుక్కోండి, పప్పు వండేటప్పుడు సగానికి మించి నింపకండి.

ఎవరైనా స్పృహ తప్పితే

కుంపటి ఉన్న గదిలో ఎవరైనా పడి ఉంటే తలుపులు బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి వెళ్ళి, మనిషిని ఆరుబయటకు చేర్చండి. 108కు ఫోన్ చెయ్యండి. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పొయ్యకండి. ఆ విషానికి అవి విరుగుడు కావు, ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. దీనికి వైద్యం ఆస్పత్రిలో ఇచ్చే ప్రాణవాయువే. వేలికి తొడిగే యంత్రం "98" అని చూపించిందని తృప్తిపడకండి, ఆ యంత్రం ఈ విషాన్ని గుర్తించలేదు. కుంపటి సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. చెప్పకపోతే ఆయన కూడా అజీర్తి అనుకోవచ్చు.

సోదరీ, కుంపటి మానేసిన వారం రోజుల తరువాత కూడా తలనొప్పి తగ్గకపోతే ఒకసారి రక్తపోటు, కళ్ళు, రక్తం పరీక్ష చేయించుకోండి. తగ్గిపోతే మందులేమీ అక్కర్లేదు. గ్రిల్ తప్పకుండా కొనుక్కోండి, చిన్నది చాలు, వరండాలో పెట్టుకోండి. ఒంటరి మనిషికి పొయ్యి ఎంత చిన్నదైనా ఫరవాలేదు. గాలి వచ్చే దారి మాత్రం పెద్దదిగా ఉండాలి. మీతో పనిచేసే తోటి ఉపాధ్యాయుల్లో ఇంకెవరు రాత్రిళ్ళు కుంపటి పెట్టుకుంటున్నారో రేపు స్కూల్లో అడిగి, ఈ మాట వాళ్ళకు కూడా చెప్పండి.